పదో తరగతి సెక్షన్లు తారుమారైన ఏడాది

మొన్న ఒక కుర్ర టీచరు మా ఇంటికి వచ్చాడు. బడిలో చేరి నెల కూడా కాలేదు. బోర్డు మీద ఒక లెక్క తప్పు చేశాడట. పిల్లలు పట్టేసుకున్నారట. అప్పటి నుంచి ఆ క్లాసుకు వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదన్నాడు.

"పిల్లలు నవ్వారా?" అని అడిగాను.

"నవ్వినారు సార్. వెనక బెంచీవాళ్ళు బాగా నవ్వినారు."

"అయితే పెద్ద నష్టమేం లేదు" అని, అతనికి నా సంగతి ఒకటి చెప్పాను. అతను చేసింది ఒక్క లెక్క తప్పు. నేను ఎనభై మంది పిల్లల్ని ఒకేసారి సెక్షన్లలో తప్పుగా వేసినవాణ్ణి. విని అతను కాఫీ పూర్తిగా తాగి, కాస్త తేలికపడి వెళ్ళాడు. మీలో కొత్తగా సుద్దముక్క పట్టుకున్నవాళ్ళు ఉంటారు కాబట్టి అదే ఇక్కడ రాస్తున్నాను.

చిత్తూరులో సిస్టర్లు నడిపే ఒక కాథలిక్ హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. మా ఇంట్లో శనివారం వేంకటేశ్వరస్వామికి పిండి దీపం పెడతారు. బడిలో రోజూ పొద్దున మరియమ్మ విగ్రహం ఉన్న రాతి గుహ ముందు చేతులు కట్టుకుని ప్రార్థనకు నిలబడతాను. ఈ రెండింటికీ ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తగాదా రాలేదు. మా పిల్లలూ అంతే. మామిడి మండీల వాళ్ళ పిల్లలు, కోర్టులో పనిచేసేవాళ్ళ పిల్లలు, చర్చి వీధి పిల్లలు, పల్లెల నుంచి బస్సులకు వేలాడుతూ వచ్చే పిల్లలు, అందరూ కలిసే ఉండేవాళ్ళు. తొమ్మిదో తరగతి దాకా.

పదికి వచ్చేసరికి మాత్రం మేము వాళ్ళను విడదీసేవాళ్ళం. తొమ్మిదో తరగతి పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినవాళ్ళు ఏ సెక్షన్. మిగతావాళ్ళు బి సెక్షన్. ఏ సెక్షన్‌కు మేడ మీద గాలి వచ్చే గది, పాత టీచర్లు. బి సెక్షన్‌కు కింద సైకిల్ షెడ్డు పక్క గది, ఆ ఏడాది ఎవరు దొరికితే వాళ్ళు. ఏ సెక్షన్‌కు క్లాస్ టీచర్ని నేను. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు నాకు చాలా బాగుండేది. నేను సగం చెప్పేలోగా పిల్లలు మిగతా సగం చెప్పేసేవాళ్ళు. అది నా బోధన గొప్పతనమని చాలా ఏళ్ళు అనుకున్నాను.

సెక్షన్ల జాబితా తయారు చేసేది కూడా నేనే. తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసి, గుండ్రటి అక్షరాలతో రాసేవాణ్ణి. ఆ ఏడాది వేసవి సెలవుల్లో మాకు కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. గుంటూరు పక్కన పుట్టి పెరిగిన సిస్టర్. సన్నగా, చురుగ్గా ఉండేది. మా ఊళ్ళో అందరూ మమ్మల్ని సార్ అంటే ఆమె మాస్టారూ అనేది.

"మాస్టారూ, ఈ చేతిరాత జాబితాలు ఇంక చాలండి. కంప్యూటర్లో చేసేయండి" అంది.

సరే అన్నాను. మా కంప్యూటర్ మేడమ్ నన్ను రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. మూడో రోజు ఆమె కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమలకు వెళ్ళిపోయింది. జాబితా పని నా ఒక్కడి మీద పడింది. ఫోన్ చేసి అడిగితే చెప్పేది. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఒక పట్టిక కోసం ఫోన్ చేయడమేమిటని చేయలేదు.

జరిగింది ఇది. పట్టికలో ఒక వరసలో పిల్లల పేర్లు, దాని పక్క వరసలో మార్కులు. ముందు పేర్లను అక్షరక్రమంలో పెడదామని పేర్ల వరసను మాత్రం ఎంచుకుని మీట నొక్కాను. అది ఇంగ్లీషులో ఏదో అడిగింది. మర్యాదకు అడుగుతోంది కాబోలనుకుని సరే అని నొక్కాను. పేర్లన్నీ కదిలి అక్షరక్రమంలో నిలబడ్డాయి. మార్కులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. అంటే ఒకరి మార్కులు ఇంకొకరి పేరు పక్కన చేరాయి. ఆ తరువాత మార్కుల ప్రకారం పేర్చి, పై సగం ఏ, కింది సగం బి అని రెండు కాగితాలు తీశాను.

చూసుకోలేదా అని మీరు అడుగుతారు. చూసుకున్నాను. మార్కులు పై నుంచి కిందికి మెట్లలాగా దిగుతూ వచ్చాయి. ఒక్క అంకె కూడా వరస తప్పలేదు. నాకు అది చాలు. పేర్లు చదవలేదు.

కాగితాలు ఆయమ్మ చేతికి ఇచ్చి, బడి తెరిచే రోజు పొద్దున నోటీసు బోర్డుకు అంటించమని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాను.

బడి తెరిచే రోజు మా ఊళ్ళో గాలి కూడా తియ్యగా ఉంటుంది. తోతాపురి మామిడికాయల లారీలు జ్యూస్ ఫ్యాక్టరీల వైపు బారులు తీరి కదులుతుంటాయి, వాటి మధ్యలోంచి మా బడి పిల్లలు సైకిళ్ళు దూర్చుకుని వస్తుంటారు. ఆ రోజు పదో తరగతి పిల్లలకు ఒక ప్రత్యేకమైన పని ఉంటుంది. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల్ని గేటు దగ్గర అందుకుని, చెయ్యి పట్టుకుని నడిపించి వాళ్ళ గదిలో కూర్చోబెట్టాలి. మా బడిలో పెద్దవాళ్ళయ్యారని చెప్పడానికి అదే గుర్తు. ఆ రోజు మాత్రం పదో తరగతి వాళ్ళంతా కొత్త బూట్లు చప్పుడు చేసుకుంటూ చాలా గంభీరంగా తిరుగుతారు.

గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఒక చిన్నపిల్ల సరిగ్గా గేటు మధ్యలో చతికిలబడి ఏడుపు మొదలుపెట్టింది. ఇద్దరు పదో తరగతి అబ్బాయిలు బతిమాలి, వల్ల కాక వదిలేశారు. అప్పుడు రెండు జడల నిండా కనకాంబరాలు పెట్టుకున్న ఒక అమ్మాయి వచ్చి, కొత్త యూనిఫారంతోనే ఆ పిల్ల పక్కన మట్టిలో కూర్చుంది.

"ఏడ్సుకో పాపా. అయిపోయినాక పోదాం. నాకేం అర్జెంటు లేదు" అంది.

ఆ పిల్ల ఏడుపు ఆపి ఆమె మొహం చూసింది. ఇంకాస్త ఏడ్చింది. తరువాత లేచి తనే చెయ్యి ఇచ్చింది. ఆ పెద్ద అమ్మాయి ఎవరో నాకు తెలియదు. తొమ్మిదిలో ఉన్న రెండు సెక్షన్లలో నేను లెక్కలు చెప్పింది ఆమె లేనిదానికి.

పక్క చర్చి నుంచి ఫాదర్ వచ్చి ప్రార్థన చేశారు. పదో తరగతి పిల్లలు వరసగా వెళ్ళి గుహ ముందు కొవ్వొత్తులు వెలిగించారు. గాలికి ఆరిపోయినవాళ్ళవి పక్కవాళ్ళు మళ్ళీ వెలిగించారు. అంతలో నోటీసు బోర్డు దగ్గర గోల లేచింది. ప్రతి ఏడాదీ లేచేదే అని నేను అటు వెళ్ళలేదు. తిన్నగా మేడెక్కి, ఏ సెక్షన్‌లో రిజిస్టరు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాను.

నాలుగో పేరుకు నాకు అనుమానం వచ్చింది. ఎనిమిదో పేరుకు పెన్ను కింద పెట్టాను. ప్రెజెంట్ సార్ అంటున్న గొంతుల్లో సగం నేనెప్పుడూ వినలేదు. తొమ్మిదో తరగతిలో ఫస్ట్ ర్యాంకు వచ్చిన అమ్మాయి ముందు బెంచీలో లేదు. ఆమె కూర్చోవలసిన చోట కనకాంబరాల అమ్మాయి కూర్చుని, కిటికీలోంచి వచ్చే గాలికి మొహం పెట్టి ఉంది.

ఎనభై మందిలో ఒక్కరూ ఇది తప్పని అనలేదు. ఎందుకో విరామంలో తెలిసింది. బి సెక్షన్ క్లాస్ టీచరు మా సైన్స్ మేడమ్, ఏటా అక్కడ మారకుండా ఉన్నది ఆమె ఒక్కతే. స్టాఫ్ రూములోకి వస్తూనే నా టేబులు దగ్గరకొచ్చింది.

"సార్, పిల్లల్ని కలిపేయండని నేను ఎన్నేండ్లుగానో మొత్తుకుంటా ఉండా. కొత్త సిస్టర్ వచ్చీ రాకనే చేసేసింది సూడండి. మీరు గూడా ఒప్పుకుంటారని నేను కలలో గూడా అనుకోలే."

అంటే టీచర్లూ పిల్లలూ ఇది కొత్త సిస్టర్ పద్ధతి అనుకున్నారు. నేను ఊ అన్నాను. చెప్పేద్దామని లేచి సిస్టర్ గది వైపు నడిచాను. ఆమే వరండాలో ఎదురైంది.

"మాస్టారూ, మీ బళ్ళో ఈ పద్ధతి నాకెంతో నచ్చిందండి. నేను ఇంతకు ముందు చేసిన చోట మార్కుల్ని బట్టి విడదీసేవాళ్ళు. ఎంత చెప్పినా వినేవాళ్ళు కాదు. ఇక్కడ మీరు ఎప్పటి నుంచో ఇలా కలిపే కూర్చోబెడుతున్నారన్నమాట."

ఆమె ఇది మా బడి సంప్రదాయం అనుకుంది. బడి అంతా ఇది ఆమె ఆజ్ఞ అనుకుంది. ఇది ఎవరిదీ కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అక్కడే చెప్పి ఉండవలసింది. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆమె నన్ను మెచ్చుకుంటోంది, చుట్టూ పిల్లలు వెళ్తున్నారు, నా వయసు యాభై ఆరు.

మధ్యాహ్నమంతా పాఠం నడిపాను కానీ మనసు దాని మీద లేదు. నేను జాబితా సరిచేస్తే సగం మంది సంచులు సర్దుకుని మెట్లు దిగాలి. ఒకరోజు మేడ మీద కూర్చోబెట్టి మరునాడు దించేయడం కంటే అసలు ఎక్కించకపోవడమే నయం. ఆ పాపం నాదే కదా అనిపించింది.

సాయంత్రం బడి వదిలాక గేటు బయట ఒకాయన నా కోసం నిలబడి ఉన్నాడు. చొక్కా మీద మామిడి సొన కారి ఎండిన మరకలు. పక్కన కనకాంబరాల అమ్మాయి. ఆయన చేతిలో ఒక డబ్బా, దాంట్లో బూందీ లడ్లు.

"నమస్తే సార్. మాది గుడిపాల పక్క పల్లె. నేను జ్యూస్ ఫ్యాక్టరీలో కాయలు దించతా. మా పాప మీ క్లాసులోనే ఉండాదంట. నోరు తీపి చేసుకోండి."

లడ్డు చేతిలోకి తీసుకున్నాను. నోట్లో పెట్టుకోలేకపోయాను. పొద్దుటి నుంచి ఎవరికీ చెప్పలేని మాట ఆయనకు చెప్పేశాను.

"ఏమనుకోవద్దప్పా. మీ పాప పేరు ఏ సెక్షన్లో పడింది నా తప్పు వల్ల. జాబితా చేసేటప్పుడు మార్కులు తారుమారైనాయి. రేపు సరిచేయాల్సి వస్తుందేమో. మీరు స్వీట్లు గూడా తెచ్చినారు..."

ఆయన నా మొహంలోకి చూశాడు.

"ఏ సెక్షన్ అంటే ఏంది సార్?"

నిజంగానే ఆయనకు తెలియదు. నేను వివరించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అదంతా నాకెందుకు సార్. పాప పదికొచ్చింది. నేను అయిదుతో నిలిపేసినా. వాళ్ళమ్మ అసలు బడి మొగమే సూడలే. మా పక్కగానీ వాళ్ళ పక్కగానీ పదో క్లాసులో కూసున్నోళ్ళు యాడా లేరు. అందుకని పొద్దున్నే వీధిలో అందరికీ పంచినా. మీకని రెండు ఎత్తిపెట్టినా. తినండి సార్."

తిన్నాను. అప్పుడు ఆ అమ్మాయి నోరు విప్పింది.

"తప్పు పడిందని నాకు పొద్దున్నే తెలుసు సార్."

"ఎట్లా తెలుసు?"

"నాకు లెక్కల్లో వచ్చింది ముప్పై ఆరు. ముప్పై ఆరుకు ఏ సెక్షన్ రాదు. ఆ మాత్రం లెక్క నాకొస్తాది సార్."

"మరి చెప్పలేదేం?"

"మీరే కనుక్కుంటారు కదా అనుకున్నా. అందాకా మేడ మీద గాలి బాగుండాదని కూసున్నా."

వాళ్ళ నాయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. పొద్దుటి నుంచి గుండె మీద కూర్చున్న బరువు అక్కడే సగం దిగిపోయింది. ఇద్దరూ బస్సు కోసం పరుగెత్తారు. నేను ఇంటికి వెళ్ళి, తెల్లకాగితం తీసి, స్కేలు పెట్టి గీతలు గీసి, అసలు మార్కుల ప్రకారం అసలు జాబితా చేత్తో రాసుకున్నాను. ఈసారి పేర్లు కూడా చదివాను.

మరునాడు పొద్దున అందరి కంటే ముందు బడికి వెళ్ళాను. నాకంటే ముందే ఇంకొకరు వచ్చి ఉన్నారు. ఫస్ట్ ర్యాంకు అమ్మాయి తండ్రి. కాయలు టోకున కొని అమ్మే పెద్ద మామిడి మండీ ఆయనది. మాట పెద్దదే కానీ మర్యాద తెలిసిన మనిషి. సిస్టర్ గదిలో కూర్చుని ఉన్నాడు.

"ఇది ఈ బడి సంప్రదాయమండీ. ఎప్పటి నుంచో ఉన్నదే" అంటోంది సిస్టర్.

"మా పెద్దోడు గూడా ఈడనే చదివినాడు సిస్టర్. అప్పుడు మార్కుల ప్రకారమే ఏసినారు. ఇదో, సార్ వచ్చినారు. సార్నే అడగండి."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను గుమ్మంలోనే నిలబడి, చేతిలో కాగితం పట్టుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు అంతా చెప్పాను. పేర్లు కదలడం, మార్కులు కదలకపోవడం, కంప్యూటర్ అడిగిన ప్రశ్న, నేను సరే అనడం, నిన్న వరండాలో తల ఊపడం.

సిస్టర్ కుర్చీలో ముందుకు జరిగింది.

"అంటే మాస్టారూ, ఇది ఎవరి నిర్ణయమూ కాదా?"

"కాదు సిస్టర్."

"నేను నిన్న మా మఠం పెద్ద మదర్ గారికి ఫోన్ చేసి, ఇక్కడ ఎంత మంచి పద్ధతి ఉందోనని అరగంట చెప్పానండి."

అని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ నవ్వింది. మండీ ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అయితే ఇంకేముంది సిస్టర్. సార్ సరైన లిస్టు తెచ్చినాడు. మార్చేస్తే అయిపాయ" అన్నాడు.

నిజానికి అక్కడితో అయిపోవలసిందే. కానీ సిస్టర్ నా చేతిలోంచి కాగితం తీసుకుని, చదవకుండా మడిచి పట్టుకుంది.

"నిన్న పిల్లలు కూర్చున్నారు కదండీ. ఒక మాట వాళ్ళకు చెప్పి మారుద్దాం. మాస్టారూ, మీరే చెప్పండి. మీరూ రండి" అని మండీ ఆయన్ను కూడా పిలిచింది.

పదో తరగతి పిల్లలందర్నీ ప్రార్థన హాల్లో కూర్చోబెట్టారు. ఎన్నో ఏళ్ళు అదే హాల్లో పిల్లల తప్పులు ఎత్తి చూపినవాణ్ణి. ఆ రోజు నా తప్పు చెప్పుకోవడానికి నిలబడ్డాను. చెప్పాను. జాబితా తప్పు, తప్పు నాది, నిన్న తెలిసి కూడా చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు.

వెనక నుంచి ఒక అబ్బాయి లేచాడు. తొమ్మిదిలో అన్ని సబ్జెక్టుల్లోనూ అంచు మీద గట్టెక్కినవాడు.

"సార్, ఒక డౌటు. మార్కులు మారిపోయినాయి గదా. నా పేరు పక్కన ఎవురి మార్కులు వచ్చినాయి?"

కంప్యూటర్ పట్టికా, అసలు మార్కుల కాగితమూ నా జేబులోనే ఉన్నాయి. తీసి చూశాను.

"ఫస్ట్ ర్యాంకువి" అన్నాను.

వాడు ఫస్ట్ ర్యాంకు అమ్మాయి వైపు తిరిగి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఆ తరువాత ఆపడం ఎవరి తరం కాలేదు. నాకెవరివి, నాకెవరివి అని అందరూ లేచారు. నేను చదువుతుంటే ఒక్కో పేరుకూ ఒక్కో నవ్వు. కనకాంబరాల అమ్మాయికి ఒక పోలీసాయన కొడుకు మార్కులు వచ్చాయి. ఆ అబ్బాయికి ఆమెవి. "బద్రంగా పెట్టుకోరా, నేను కష్టపడి తెచ్చుకున్నవి" అంది ఆమె.

నవ్వులు సద్దుమణిగాక సిస్టర్ కాగితం ఎత్తి చూపింది.

"ఇది మాస్టారు రాసిన అసలు జాబితా. చదవమంటారా?"

ఫస్ట్ ర్యాంకు అమ్మాయి లేచి నిలబడింది. ఆ పిల్ల మాట్లాడగా నేను తొమ్మిదిలో ఏడాదంతా పెద్దగా వినలేదు. అడిగినదానికి జవాబు చెప్పి కూర్చునేది.

"చదవాల్నా సిస్టర్?" అంది.

వెనక నిలబడిన వాళ్ళ నాయన ముందుకు వచ్చాడు. "ఏందమ్మా నువ్వు. నీ కోసమే గదా నేను వచ్చింది."

"నేను రమ్మనలేదు నాయనా." ఆమె కూర్చోలేదు. "ఒకటో క్లాసు నుంచి నా పక్కన ఎవరు కూర్చున్నా ముందు అడిగేది ఎన్ని వచ్చినాయనే. నిన్న మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కరు గూడా నన్ను మార్కులు అడగలేదు. పక్కనున్న అమ్మాయి నాకు బొంగరం తిప్పేది నేర్పించింది. నాకు బాగుండింది నాయనా."

మండీ ఆయన తన కూతుర్ని చూసిన చూపు నాకు బాగా గుర్తుంది. తన ఇంట్లో మనిషిని మొదటిసారి చూసినట్టు చూశాడు.

అందరూ అలాగే అన్నారని మీరు అనుకోవద్దు. "నాకు పాత సెక్షనే కావాల, మా జట్టంతా విడిపోయింది" అన్నవాళ్ళు ఉన్నారు. పోలీసాయన కొడుకు, ఎప్పుడూ మేడ మీదే ఉండాలనుకున్నవాడు, తనను కిందికి వేయడం అన్యాయమన్నాడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది. సిస్టర్ అందరిదీ విని, త్రైమాసిక పరీక్షల దాకా ఇలాగే ఉంచి చూద్దామంది. గదులు మాత్రం నెలకొకసారి మార్చుకోవాలి. గాలి అందరికీ రావాలి.

"మా పాపకు మార్కులు తగ్గితే?" అన్నాడు మండీ ఆయన, మెత్తగానే.

"తగ్గకుండా చూడటం మాస్టారి పనండి. రెండు సెక్షన్లకూ లెక్కలు ఆయనే చెబుతారు" అంది సిస్టర్. తరువాత నా వైపు తిరిగి, "శిక్ష అనుకోకండి మాస్టారూ" అంది. నేను శిక్షే అనుకున్నాను.

మొదటి రెండు వారాలు నా పని ఘోరంగా నడిచింది. అలవాటు ప్రకారం బోర్డు మీద పరుగు తీసేవాణ్ణి. వెనక్కి తిరిగి చూస్తే సగం మొహాలు ఖాళీగా ఉండేవి. ఈ పిల్లలతో కాదని సైన్స్ మేడమ్‌తో అన్నాను. ఆమె జాలిపడలేదు. "నేను ఇన్నేండ్లు చెప్పింది ఈ పిల్లలకే సార్" అని తన పని చూసుకుంది.

ఒకరోజు వర్గ సమీకరణం ఒకటి చేస్తున్నాను. కనకాంబరాల అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఆడ ఒక లైను దాటేసినారు."

"దాటలేదమ్మా. అది తెలిసిందే కదా."

"నాకు తెలీదు సార్."

కొంచెం విసుగ్గా ఫస్ట్ ర్యాంకు అమ్మాయిని లేపాను. సైన్స్ మేడమ్ సెలవు పెట్టినందువల్ల ఆ రోజు బి సెక్షన్ పిల్లల్ని కూడా ఏ సెక్షన్‌తో కలిపి కూర్చోబెట్టారు. "ఆ లైను ఎట్లా వచ్చిందో ఆమెకు చెప్పు" అన్నాను.

ఆమె బోర్డు వైపు చాలాసేపు చూసింది.

"నాకు గూడా తెలీదు సార్. తొమ్మిదిలో కూడా మీరు అట్లనే దాటేసినారు. నేను దాటేసినట్టే బట్టీ పట్టినా."

ఇన్నేళ్ళూ నేను సగం చెబితే మిగతా సగం చెప్పేసిన పిల్లలందరూ గుర్తొచ్చారు. వాళ్ళలో ఎంతమంది ఇలా దాటుకుంటూ పోయారో. ఎంతమంది నా మీది గౌరవంతో అడగకుండా ఊరుకున్నారో. మొత్తం తుడిచేసి, మొదటి లైను నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ దాటేసిన మెట్టును నాలుగు లైన్లుగా విడదీసి రాశాను. గదిలో "ఓ" అని ఒక చప్పుడు వచ్చింది. రెండు పక్కల నుంచీ వచ్చింది. ఏది ఏ సెక్షన్ చప్పుడో నాకు తెలియలేదు.

ఆ తరువాత కనకాంబరాల అమ్మాయికి ఒక పని అప్పగించాను. నేను లైను దాటినప్పుడల్లా చెయ్యెత్తాలి. ఆమె దాన్ని చాలా శ్రద్ధగా చేసింది. కొన్ని రోజులు ఎత్తిన చెయ్యి దించకుండానే ఉంచేది. నా నడక సగానికి తగ్గింది. సిలబస్ అయిపోతుందా అని భయపడ్డాను. అయిపోయింది. ఎందుకంటే చెప్పిందే మళ్ళీ చెప్పవలసిన అవసరం తగ్గిపోయింది. పొద్దున ప్రార్థనకు ముందు పిల్లలే గుహ పక్కన అరుగు మీద ఇద్దరిద్దరు కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. పోలీసాయన కొడుకు మొదట్లో ముభావంగా ఉండేవాడు. తను చెబితే ఇంకొకరికి అర్థమవుతోందని తెలిశాక వాణ్ణి ఆపలేకపోయాం.

త్రైమాసిక పరీక్షలయ్యాక మండీ ఆయన వచ్చి కూతురి కాగితాలన్నీ తిరగేసి చూశాడు. ఆమె ఫస్టే. కాగితాలు సర్ది ఇచ్చి, "ఇంట్లో గూడా మాట్లాడతా ఉండాది సార్ ఈ మధ్య" అని వెళ్ళిపోయాడు. సెక్షన్లు మార్చే మాట ఇంకెవరూ ఎత్తలేదు. నేను చేత్తో రాసిన జాబితా సిస్టర్ దగ్గరే ఉండిపోయింది. నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

పబ్లిక్ పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దుటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఫస్ట్ ర్యాంకు అమ్మాయి చేసింది. పోలీసాయన కొడుకు చేశాడు. అంచు మీద గట్టెక్కే అబ్బాయి కూడా చేసి, ఈసారి మార్కులు తనవేనా, సరిగ్గా చూసి చెప్పండి సార్ అని అడిగాడు. కనకాంబరాల అమ్మాయి దగ్గర నుంచి మాత్రం మధ్యాహ్నం దాకా ఫోన్ లేదు. అన్నం ముందు కూర్చుని లేచాను. మా ఆవిడ మందలించింది. చివరికి తెలియని నంబరు ఒకటి వచ్చింది. వెనక లారీ హారన్లు, కాయలు దించే కూలీల కేకలు వినిపిస్తున్నాయి. వాళ్ళ నాయన ఫోన్ నుంచి, ఫ్యాక్టరీ దగ్గర నిలబడి చేస్తోంది.

"సార్, పాసయినా."

"లెక్కల్లో గూడానా?"

"ఏం సార్ అట్లంటారు. లెక్కల్లో గాకుంటే మీకెందుకు ఫోన్ చేస్తా. తెలుగు మేడమ్‌కు చేసిండేదాన్ని."